పల్లెబడి, పట్నపు కాన్వెంటు: తెలుగునాట కథోలిక బోధనా సభల లెక్క

గడివేముల మండలం పేరు ఈమధ్య పత్రికల్లో ఎక్కువగా రెండు కారణాలతో కనిపించింది. ఒకటి, గని గ్రామం దగ్గర మొదలై శకునాల వైపు విస్తరించిన వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు. రెండోది, చిందుకూరు. 2022 మే నెలలో పోప్ ఫ్రాన్సిస్ ప్రకటించిన కొత్త కార్డినళ్ల జాబితాలో చిందుకూరులో పుట్టిన పూల ఆంథోని పేరు ఉంది. అదే ఏడాది ఆగస్టు 27న ఆయన కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆ పదవి అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే, దళితుల్లో కూడా ఆయనే మొదటివారు. పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత బడి మానేయాల్సి వచ్చిందని, మిషనరీలు కడపకు తీసుకెళ్లి చదివించారని ఆయన ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు.

పదవి సంగతి చర్చి చూసుకుంటుంది. మన సమీక్షకు కావలసింది ఆ ఏడో తరగతి. ఒక పల్లె పిల్లవాడి చదువు ఆగిపోయిన చోట మళ్లీ ఎత్తుకున్న ఏర్పాటు ఎక్కడ పుట్టింది, ఎవరు నడిపారు, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు? కథోలిక సన్యాస సభలు తెలుగునాట చేసిన విద్యాసేవ గురించి రెండు రకాల మాటలే ఎక్కువ వినిపిస్తాయి. ఒకటి జూబిలీ సంచికల పొగడ్త, రెండోది మతమార్పిడి ఆరోపణ. ఈ రెండింటి మధ్య అసలు లెక్క తేలకుండా మిగిలిపోయింది. ఆ లెక్క చూడటమే ఈ వ్యాసం పని.

బోధనా సభ అంటే

సన్యాసం అంటే ఊరి బయట తపస్సు అనుకునే మనకు, బడి నడపడాన్నే సన్యాసంగా పెట్టుకున్న సభలు కొంచెం వింతగా ఉంటాయి. యూరపులోనూ మొదట అది వింతే. 1535లో ఇటలీలోని బ్రేషియాలో ఏంజెలా మెరీచి కొందరు యువతులను కూడగట్టి ఉర్సులైన్ సభ పెట్టినప్పుడు, వాళ్లు మఠం గోడల మధ్య కాకుండా ఇళ్లలో ఉంటూ ఆడపిల్లలకు చెప్పాలన్నది ఆలోచన. కొన్నేళ్లకే చర్చి అధికారులు వాళ్లను గోడల లోపలికి పంపారు. స్త్రీలు బయట తిరుగుతూ బోధించే సన్యాసాన్ని ఒప్పించడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది. మగవారి సభల్లో జెస్యూట్లది 1540 నాటి పుట్టుక. వాళ్లు కాలేజీల మీద దృష్టి పెట్టారు.

పేదల బడికి పద్ధతి తయారుచేసినది మాత్రం ఫ్రాన్సులోని రేమ్స్ పట్టణానికి చెందిన జాన్ బాప్టిస్ట్ డి లా సాల్. 1680 ప్రాంతంలో ఆయన కూడగట్టిన బ్రదర్లు మూడు పనులు చేశారు. పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి పాఠం ఒప్పజెప్పించుకునే బదులు తరగతిగా కూర్చోబెట్టారు. లాటిన్ వదిలి పిల్లలు ఇంట్లో మాట్లాడే ఫ్రెంచిలో చదవడం నేర్పారు. పాఠం చెప్పేవారికే ముందు శిక్షణ ఇవ్వాలని 1685లో ఉపాధ్యాయుల బడి పెట్టారు. చర్చి 1950లో ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా ప్రకటించింది.

ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోవాలి: తరగతి, తల్లిభాష, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు. పేద పిల్లలకు వాళ్ల భాషలోనే చెప్పడానికి పుట్టిన ఆలోచన తెలుగు పట్టణాల్లోకి వచ్చేసరికి ఇంగ్లీషు మీడియానికి మారుపేరైంది. తెలుగునాట బోధనా సభల చరిత్ర అంతా ఈ మలుపు చుట్టే తిరుగుతుంది.

బడులు లేని శతాబ్దం

రాయలసీమకు కథోలిక మతం ఇంగ్లీషువారితో రాలేదు. 1701 ప్రాంతంలో ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరు మీదుగా లోపలికి వచ్చారు. కర్ణాటక మిషన్ అని పేరుపెట్టుకున్న ఆ ప్రయత్నం నేటి అనంతపురం, చిత్తూరు ప్రాంతాల్లో కొన్ని రెడ్డి కుటుంబాలను చేరింది. ఆ జెస్యూట్లు సన్యాసుల్లా బతికారు, తెలుగు, సంస్కృతం నేర్చుకున్నారు. వారిలో గాస్టన్ కెర్డూ పాండిత్యం యూరపు దాకా వెళ్లింది. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఉన్న పోలికలను 1767లో ఫ్రెంచి అకాడమీకి రాసి పంపింది ఈయనే. అప్పటికి విలియం జోన్స్ ఇంకా కలకత్తాలో అడుగుపెట్టలేదు.

ఇంత పాండిత్యం ఉన్నా వాళ్లు బడుల వ్యవస్థ ఏదీ వదిలిపెట్టి వెళ్లలేదు. పల్లెల్లో విశ్వాసాన్ని నిలబెట్టింది ఉపదేశులు, అంటే జపాలు నేర్పే స్థానిక గృహస్థులు. 1773లో పోప్ జెస్యూట్ సభనే రద్దు చేయడంతో మిషన్ కూలిపోయింది. యుద్ధాలు, కరువులు, పాలెగాళ్ల కొట్లాటలు తోడై అనేక కథోలిక కుటుంబాలు రాయలసీమ వదిలి గుంటూరు సీమకూ, తమిళ దేశంలోని తిరువళ్లూరు వైపూ వలస పోయాయి. ఫిరంగిపురం, రెంటచింతల, కీలచ్చేరి వంటి ఊళ్లలో తెలుగు కథోలికులు ఇలా స్థిరపడ్డారు. ఆ ఊళ్లలో ఒకదాని ఆడబిడ్డ, మరొకదాని కోడలు అయిన ఒక స్త్రీ దగ్గరే తెలుగు బోధనా సభ కథ మొదలవుతుంది.

జ్ఞానమ్మ

జ్ఞానమ్మ 1822లో ఫిరంగిపురంలో పుట్టింది. కీలచ్చేరిలోని గాదె వారింటి కోడలైంది. కొడుకులను కన్నది, ఆ తర్వాత భర్తను పోగొట్టుకున్నది. అప్పటి తెలుగు కుటుంబంలో విధవకు మిగిలే దారి వేరే చెప్పనక్కరలేదు. 1863లో ఆమె కీలచ్చేరిలో ఆడపిల్లల కోసం బడి తెరిపించింది.

ఈ తేదీని పక్కన ఇంకో తేదీ పెట్టి చూడాలి. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆయన కృషిని తక్కువ చేయడానికి కాదు ఈ పోలిక. ఆయన వాదించాడు, పత్రిక నడిపాడు, సమాజంతో పోరాడాడు, అందుకే చరిత్రలోకి ఎక్కాడు. జ్ఞానమ్మ ఏమీ రాయలేదు, వాదించలేదు. విధవగా తనకు మిగిలిన బతుకును బడిగా మార్చింది. పెళ్లి అక్కరలేని, పుట్టింటి మీదా అత్తింటి మీదా ఆధారపడనక్కరలేని ఒక ఆడ జీవితం సాధ్యమేనని ఆ బడి చూపించింది. ఆమె చుట్టూ చేరిన స్త్రీల నుంచే సభ ఏర్పడింది. 1874 డిసెంబరు 21న ఆమె కన్నుమూసింది. ఆమెను మూలపుటమ్మగా తలచుకునే సభలు రెండు, ఒకటి మద్రాసు పునీత అన్నమ్మ సభ, రెండోది ఫిరంగిపురం పునీత అన్నమ్మ సభ. చర్చి 2014లో ఆమెను దైవసేవకురాలిగా గుర్తించింది. పునీత పట్టం దిశగా అది తొలి మెట్టు.

అన్నమ్మ పేరుతో ఉన్న సభలన్నీ ఒకటే అనుకునే పొరపాటు మామూలుగా జరుగుతుంది. సికింద్రాబాదులో 1871లో సెయింట్ ఆన్స్ బడి పెట్టిన సిస్టర్లు ఇటలీలోని ట్యూరిన్ నుంచి వచ్చినవారు. ఆ సభను 1834లో అక్కడి బరోలో దంపతులు నెలకొల్పారు. ఫిరంగిపురం సభకూ వాళ్లకూ సంబంధం లేదు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, సన్యాస సభలన్నీ విదేశాల నుంచి వచ్చినవే అన్న అభిప్రాయం మనలో గట్టిగా పాతుకుపోయింది. ఆడపిల్లల చదువు కోసం తెలుగు స్త్రీ ఒకరు తొలి మిషనరీ సిస్టర్ల కాలంలోనే తెలుగు ఊరి మనుషులతో ఒక సభకు పునాది వేసిందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు. స్త్రీ విద్య చరిత్ర రాసినవారు సంస్కర్తల పత్రికలను తిరగేశారు, చర్చి చరిత్ర రాసినవారు ఫాదర్ల ఉత్తరాలను తిరగేశారు. జ్ఞానమ్మ రెండు చోట్లా దొరకలేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకూడదు. కీలచ్చేరి, ఫిరంగిపురం కథోలిక కుటుంబాల్లో మొదటి తరం వారు ఎక్కువగా రెడ్లు, కమ్మలు. తొలి బడి ఆ ఇళ్ల ఆడపిల్లల మధ్యే పుట్టింది. దళిత వాడలకు చర్చి పెద్ద ఎత్తున చేరింది ఆ తర్వాత, 1876-78 నాటి మహా కరువు తర్వాత. కర్నూలు జిల్లా ఆ కరువులో ఎంత నలిగిందో కె.సి. కాలువ కింద కూడా కరువు పాటలు మిగిలిన ఊళ్లకు తెలుసు. అప్పటి నుంచి సభలు రెండు లోకాల మధ్య నడవాల్సి వచ్చింది. పాత కథోలికుల కులగౌరవం ఒకవైపు, కొత్తగా వచ్చినవారి ఆకలీ చదువూ మరోవైపు. ఈ రెండింటి మధ్య పేచీ ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

ఓడలెక్కి వచ్చిన సభలు

విదేశీ సభల్లో కోస్తాకు ముందు వచ్చింది పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు. ఫ్రాన్సు సరిహద్దులోని ఆన్సీలో 1838లో పీటర్ మెర్మియే నెలకొల్పిన ఈ సభ గురువులు, అంటే ఫాదర్లు, 1846లో విశాఖపట్నం చేరారు. మరుసటి ఏడాదే సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. ఆన్సీ పునీత జోసెఫ్ సిస్టర్లు 1849లో యానాం చేరి ఆ తర్వాత విశాఖకు వచ్చారు. నెల్లూరు, గుంటూరు, కర్నూలు ప్రాంతాల్లో పని ఇంగ్లండులో పుట్టిన మిల్‌హిల్ గురువుల చేతికి 1870ల్లో వచ్చింది. వాళ్లు బోధనా సభ కాదు. అయినా ఊరూరా ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక మిషన్) ఎలిమెంటరీ స్కూళ్లు పెట్టి, ఉపదేశినే పంతులుగా మార్చిన పని చాలావరకు వాళ్లదే.

గురువులకు బడి పెట్టడం తెలుసు గానీ ఆడపిల్లల బడి నడపడం వాళ్ల చేతిలో లేదు. అందుకే 1904లో హాలండు నుంచి జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరు వచ్చారు. జీసస్ మేరీ జోసెఫ్ పేరుతో ఈ సభను 1822లో హాలండులోని అమర్స్‌ఫుర్ట్ పట్టణంలో మతియాస్ వుల్ఫ్ అనే జెస్యూట్ గురువు నెలకొల్పాడు. పేద ఆడపిల్లల చదువే దాని ఉద్దేశం. గుంటూరులో బడితో పాటు ఆస్పత్రి పని కూడా మీద పడింది. 1920లో ఆస్ట్రేలియా నుంచి మేరీ గ్లోరీ అనే డాక్టరు వచ్చి అక్కడే సిస్టరైంది, పల్లె స్త్రీల కాన్పులు చూస్తూ, మంత్రసానులకు, కాంపౌండర్లకు శిక్షణ ఇచ్చింది. 1943లో దేశమంతటా కథోలిక ఆస్పత్రులను ఒక సంఘంగా కలిపినది కూడా ఆమే. బోధనా సభ ఆస్పత్రి నడిపినా చేసిన పని మళ్లీ బోధనే.

1901 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాజధానిలో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు వందకు ఒకరు, అంతే. ఆ లెక్కలో పల్లె ఆడపిల్లకు బడి ఉండటం ఒక్కటే చాలదు, చెప్పేది ఆడమనిషి కావాలి, లేకపోతే తల్లిదండ్రులు పంపరు. ఆ ఆడమనిషిని తయారుచేయడానికి ట్రైనింగు స్కూలు కావాలి. ట్రైనింగుకు వచ్చే పిల్లకు ఉండటానికి హాస్టలు కావాలి. ప్రభుత్వం ఈ వరసంతా ఒకేసారి ఎక్కడా అమర్చలేదు. సిస్టర్లు అమర్చారు. వాళ్ల ట్రైనింగు స్కూళ్లలో చదువుకున్న టీచరమ్మలు ఎంతమంది పంచాయతీ బడుల్లో పదవీ విరమణ దాకా పాఠం చెప్పారో ఏ జూబిలీ సంచికా లెక్క కట్టలేదు. కట్టి ఉంటే వాళ్ల అతి పెద్ద ప్రభావం వాళ్ల సొంత బడుల బయటే ఉందని తేలేది.

కాలేజీల దశ

స్వాతంత్ర్యం తర్వాత దిశ మారింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే జెస్యూట్లు విజయవాడలో ఆంధ్ర లొయోలా కాలేజీ నెలకొల్పారు. అదే ఏడాది ఏలూరులో సెయింట్ థెరిసా మహిళా కాలేజీ, 1958లో విశాఖలో సెయింట్ జోసెఫ్స్, 1962లో విజయవాడలో మారిస్ స్టెల్లా, 1963లో తెనాలిలో జె.ఎం.జె. కాలేజీ వచ్చాయి. హైదరాబాదులో సెయింట్ గాబ్రియేల్ బ్రదర్లు 1953లో లిటిల్ ఫ్లవర్ హైస్కూలు పెట్టారు. ఈ బ్రదర్ల సభ ఫ్రాన్సులో లూయీ మారీ ద మోన్‌ఫోర్ వారసత్వం నుంచి వచ్చింది, 1903లోనే తిండివనం చేరింది. ఈ బ్రదర్ల చేతిలోనే బాయ్స్ టౌన్ కూడా ఉంది, అనాథ పిల్లలకు, పేద పిల్లలకు కుట్టు, వడ్రంగం, ఫిట్టరు పనులు నేర్పే చోటు. పేరు మాత్రం లిటిల్ ఫ్లవర్‌కే వచ్చింది.

పదేళ్లలో ఇన్ని మహిళా కాలేజీలు రావడం చిన్న విషయం కాదు. కోస్తా జిల్లాల్లో డిగ్రీ చదివిన తొలి తరం స్త్రీలలో పెద్ద భాగం ఈ కాలేజీల హాస్టళ్లలోనే చదువుకున్నారు. వారిలో అధికులు హిందువులు, ముస్లింలు. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు నూటికి ఒకటిన్నర లోపే. ఈ కాలేజీల ఉద్దేశం మతమార్పిడి అయి ఉంటే అది ఘోరంగా విఫలమైన ప్రయత్నం అనుకోవాలి. తల్లిదండ్రులు కూతురిని అక్కడికి పంపింది కూడా మతం కోసం కాదు, గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడని, వార్డెన్ సిస్టర్ రాత్రి హాజరు తీసుకుంటుందని. ఆ కట్టుబాటు ఆడపిల్లకు చదువు తెచ్చింది. దానితో పాటు అణకువ, గొంతు తగ్గించి మాట్లాడటం కూడా నేర్పింది. ఆడపిల్లల స్వేచ్ఛ గురించి రాసేవారు ఈ రెండింటినీ ఒకే చోట చూడాలి, ఒకదాని కోసం మరొకదాన్ని మరిచిపోకూడదు.

నంద్యాల సీమ లెక్క

ఈ విస్తరణలో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం ఎక్కడుంది? కథోలిక సభలు ఇక్కడ ముందు వచ్చినవి కావు. 19వ శతాబ్దం మధ్యలోనే ఆంగ్లికన్ ఎస్.పి.జి. మిషన్ ఆళ్లగడ్డ దగ్గర ముత్యాలపాడును కేంద్రం చేసుకుంది, తర్వాత నంద్యాలలో హైస్కూలూ ట్రైనింగు బడీ నడిపింది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టుల కోల్స్ హైస్కూలు ఉంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లలో ఎక్కువమంది అందులో చేరక, 1970ల దాకా విడిగానే ఉండిపోయారు. అంటే ఈ సీమలో చదువుకున్న క్రైస్తవుల మొదటి తరం ఎస్.పి.జి. బడుల నుంచి వచ్చింది. కర్నూలు కథోలిక మేత్రాసనం 1967లో గానీ ఏర్పడలేదు. కడప మేత్రాసనం 1976లో. గుంటూరులో సిస్టర్లు అడుగుపెట్టి అప్పటికి 60 ఏళ్లు దాటింది.

ఆలస్యంగా రావడం వల్ల ఇక్కడ ఆర్.సి.ఎం. పని ప్రధానంగా పల్లె బడి, బోర్డింగు రూపంలోనే సాగింది. బోర్డింగు అన్నది ఈ కథలో అందరూ తేలిగ్గా దాటిపోయే సంస్థ. కూలికి వెళ్లే ఇంట్లో పిల్లవాడు బడి మానేది ఫీజుకు కాదు. తిండికి, పశువులు కాయడానికి, చెల్లెల్ని ఎత్తుకోవడానికి మానేస్తాడు. వలస కాలంలో తల్లిదండ్రులు ఊరు వదిలితే పిల్లవాడూ వదులుతాడు. రెండు పూటలా అన్నం, ఒక పెట్టె, ఒక చాప, సాయంత్రం స్టడీ అవర్. ఇవి ఇచ్చిన చోటే దళిత పల్లె పిల్లలు పదో తరగతి దాటారు. చిందుకూరు నుంచి కడపకు వెళ్లిన పిల్లవాడి కథ ఈ ఏర్పాటు సరిగ్గా పనిచేసిన ఒక సందర్భం. పూల ఆంథోని 1992లో కడప మేత్రాసనానికి గురువై, ఆ తర్వాత అక్కడే పేద పిల్లల చదువుకు సాయం చేసే కార్యక్రమాలనూ బడుల వ్యవహారాలనూ చూశారు. అందుకున్నదే అందించారన్నమాట.

రాష్ట్రం ఇదే తర్కాన్ని తర్వాత తనదిగా చేసుకుంది. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్యాలయం, ఆ తర్వాతి సాంఘిక సంక్షేమ గురుకులాలు, 2004 నుంచి వచ్చిన కస్తూర్బా బాలికా విద్యాలయాలు అన్నీ చదువును అన్నంతో, పడకతో కలిపి ఇచ్చేవే. అయినా 2011లో ఉమ్మడి కర్నూలు జిల్లా ఆడవారి అక్షరాస్యత 50 శాతం దగ్గరే ఆగింది. ఇంత పని మిగిలి ఉన్న సీమలో సభలు తమ శక్తిలో ఎంత పల్లెలకు ఇస్తున్నాయి, ఎంత పట్టణ ఇంగ్లీషు బడులకు ఇస్తున్నాయి అని అడగడం అన్యాయం కాదు.

సిస్టర్ జీతం ఎటు పోతుంది

సభ బడి ఎందుకు నడుస్తుందో తెలియాలంటే డబ్బు దారి చూడాలి. సిస్టరు కాబోయే అమ్మాయి కొన్నేళ్లు అభ్యర్థినిగా, ఆ తర్వాత నవ సన్యాసంలో ఉండి, పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు పట్టుకుంటుంది. ఎయిడెడ్ బడిలో ఆమెకు వచ్చే ప్రభుత్వ జీతం సభ ఖాతాకు చేరుతుంది. ఆమెకు దక్కేది తిండి, బట్ట, మందు. ఆమె ఎక్కడ పనిచేయాలో సభ ప్రాంతీయ అధికారిణి అయిన ప్రొవిన్షియల్ నిర్ణయిస్తుంది. ఈ ఆదాయం సొంతది కాదు కాబట్టి పన్ను కోయకూడదని చాలాకాలం వాదించారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదన కాదని, ఎయిడెడ్ బడుల్లో సిస్టర్లు, గురువుల జీతంలోనూ పన్ను కోత ఉంటుందని తేల్చింది.

ఇలా పోగైన జీతాలతోనే కొత్త భవనాలు లేచాయి, పల్లె బోర్డింగులు నడిచాయి. జీతం అడగని, బదిలీకి ఎదురుచెప్పని, సాయంత్రం ఇంటికి వెళ్లని మనిషి సభ అసలు పెట్టుబడి. ఈ పెట్టుబడి ఇప్పుడు తరుగుతోంది. తెలుగునాట పనిచేసే సభల్లో చాలాకాలంగా కేరళ అమ్మాయిలు గణనీయంగా ఉన్నారు. కేరళలోనే ఇళ్లలో ఒకరిద్దరు పిల్లలయ్యాక ఆ ఊట సన్నబడింది. తెలుగు పల్లెల నుంచి, అందులోనూ దళిత కుటుంబాల నుంచి వచ్చేవారే ఇప్పుడు సభలకు ప్రధాన బలం. వాళ్లకు బాధ్యతల్లో, పదవుల్లో ఎంత చోటు దొరుకుతోందన్నది సభల లోపలే వినిపిస్తున్న ప్రశ్న.

పేరు ప్రతిష్ఠ చేసిన నష్టం

నంద్యాల వీధుల్లో నడిస్తే సెయింట్ అని మొదలయ్యే బడి బోర్డులు అడుగడుక్కీ కనిపిస్తాయి. వాటిలో చాలావాటి వెనక ఏ సభా లేదు, యజమాని క్రైస్తవుడు కూడా కాకపోవచ్చు. సభ పేరు తెచ్చిన నమ్మకాన్ని మార్కెట్టు అరువు తెచ్చుకుంది. టై, బెల్టు, ప్రార్థన వరస, ఇంగ్లీషు రైము, డైరీ అన్నీ దిగుమతి అయ్యాయి. ట్రైనింగు స్కూలు, బోర్డింగు మాత్రం ఎవరూ దిగుమతి చేసుకోలేదు, అందులో లాభం లేదు కనుక. ఏది కాపీ అయిందో, ఏది కాలేదో చూస్తే సభల సారం ఏదో తెలుస్తుంది.

అసలు సభలు కూడా ఈ కాపీకి లొంగాయి. పట్టణాల్లో వాటి బడులు మధ్యతరగతి కోరికకు జవాబిచ్చాయి. ఇంగ్లీషు కావాలని పేద తల్లి కూడా కోరుకుంటుంది, ఆ కోరికను వెక్కిరించడం తప్పు. ఉద్యోగాల లెక్క ఆమెకు మనకంటే బాగా తెలుసు. అయితే తెలుగు మాట్లాడితే జరిమానా వేసే అలవాటు, పిల్లవాడి ఇంటి భాషను తరగతి గది బయట వదిలేయమనే తీరు లా సాల్ ఆలోచనకు నేరుగా వ్యతిరేకం. ఇంగ్లీషును బాగా నేర్పడం వేరు, తెలుగును సిగ్గుగా మార్చడం వేరు. ఈ రెండోది పట్టణాల కాన్వెంటు చదువులో ఎంతో కాలం సాగింది, దాన్నే అసలు క్రమశిక్షణ అనుకుని చిన్న ప్రైవేటు బడులు మరింత కఠినంగా పట్టుకున్నాయి.

రెండో వాటికన్ మహాసభ 1965లో ప్రతి సభనూ తన స్థాపకుల తొలి ఉద్దేశానికి తిరిగి వెళ్లమని కోరింది. ఆ పిలుపుతో కొందరు సిస్టర్లు పెద్ద కాన్వెంట్లు వదిలి వాడల్లో అద్దె ఇళ్లలో ఉండి స్త్రీల సంఘాలు, రాత్రి బడులు నడిపారు. సలేషియన్లు 1989లో విజయవాడలో నవజీవన్ బాలభవన్ పెట్టి రైల్వే ప్లాట్‌ఫారాల మీది పిల్లల దగ్గరికి వెళ్లారు. ఇవి మంచి గుర్తులే. కానీ పట్టణ బడుల ముందు సీట్ల కోసం నిలబడే బారు వాటికన్నా పొడవు, అక్కడి ఫీజుల డబ్బూ ఎక్కువే.

రాష్ట్రం, చట్టం

రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 1974లో అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఆ హక్కుకు గట్టి రక్షణ ఇచ్చింది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అంటే ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్న నిబంధన ప్రైవేటు బడుల మీద ఉంది, పేదల కోసమే పుట్టిన సభల బడుల మీద లేదు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి ప్రమతి తీర్పు సబబేనా అని సందేహించి విస్తృత ధర్మాసనానికి నివేదించింది. కోర్టు ఏం చెప్పినా, ఈ సీట్లు చట్టం అడగకముందే సభలు తామే ఇచ్చి ఉండాల్సింది అన్నది నా అభిప్రాయం. హక్కు కాపాడుకోవడం న్యాయమే, ఆ హక్కును ఎవరి కోసం వాడారన్నది వేరే ప్రశ్న.

రెండోవైపు ప్రభుత్వం కూడా తన వంతు సరిగా నిర్వర్తించలేదు. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయితే భర్తీ చేయకుండా ఏళ్ల తరబడి వదిలేసింది. 2021లో ఎయిడెడ్ సంస్థలను సిబ్బందినో, ఆస్తులతో సహా సంస్థనో అప్పగించమంది. విద్యార్థుల నుంచి, తల్లిదండ్రుల నుంచి నిరసన వచ్చాక వెనక్కి తగ్గే వీలు కల్పించింది. ఆ కొద్ది నెలల్లో అర్థమైన సంగతి ఒకటుంది: ఎయిడ్ పోతే ముందు మూతపడేది పల్లె ఆర్.సి.ఎం. బడి, తెలుగు మీడియం సెక్షను. పట్టణ ఇంగ్లీషు సెక్షను ఫీజులతో బతుకుతుంది. సభలను వ్యాపారమని విమర్శించేవారు, వాటిని అటువైపు నెట్టిన ఈ విధానాన్ని కూడా చూడాలి.

కుల ధ్రువపత్రం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-సి కింద ఒక శాతం రిజర్వేషనే ఉంది. ఆర్.సి.ఎం. బోర్డింగులో చదివిన పిల్లవాడు డిగ్రీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఈ గోడ ఎదురవుతుంది. సభలు పెంచిన చదువుకు, రాజ్యం గీసిన గీతకు మధ్య ఒక తరం ఇరుక్కుంది.

తీర్పు

ఇంతకీ లెక్క ఎటు తేలుతుంది? తెలుగునాట కథోలిక బోధనా సభల పేరు పట్టణ కాన్వెంట్లు తెచ్చాయి. వాటి విలువ మాత్రం పల్లె బడి, బోర్డింగు, ట్రైనింగు స్కూలు, మహిళా హాస్టలు అనే నాలుగింటిలో ఉంది. ఆడపిల్లకు ఆడ టీచరును తయారుచేయడం, కూలింటి పిల్లవాడికి అన్నంతో చదువు కలిపి పెట్టడం, పెళ్లి కాకుండానే ఒక స్త్రీ గౌరవంగా పనిచేసుకు బతకగలదని ఊరికి చూపించడం, ఈ మూడు పనులు వేరే ఎవరూ పెద్దగా చేయని కాలంలో సభలు చేశాయి. ఇంగ్లీషు, క్రమశిక్షణ, యూనిఫాం ఎవరైనా అమ్మగల సరుకులు. ఇప్పుడు అందరూ అమ్ముతున్నారు కూడా.

కొత్త సిస్టర్లు తగ్గుతున్న ఈ కాలంలో సభలు అన్ని బడులనూ నిలబెట్టుకోలేవు. ఏవి వదులుకోవాలో తేల్చుకునే రోజు దగ్గర్లోనే ఉంది. పట్టణాల్లోని ఇంగ్లీషు బడిని ట్రస్టుకో, గృహస్థ ఉపాధ్యాయులకో అప్పగించినా అది నడుస్తుంది. గడివేముల వంటి మండలంలో బోర్డింగును వదిలేస్తే దాని చోటు వెంటనే నింపేవారు లేరు. ప్రాథమిక తరగతులను తెలుగులో గట్టిగా చెప్పి, ఇంగ్లీషును భాషగా బాగా నేర్పి, పల్లె ఆడపిల్లలను ఉపాధ్యాయులుగా తయారుచేసే పనికి మిగిలిన బలమంతా మళ్లించడమే సభలు ఇప్పుడు చేయదగ్గది. ఎయిడెడ్ పోస్టులు భర్తీ చేయడం ప్రభుత్వం చేయదగ్గది. జ్ఞానమ్మ కీలచ్చేరిలో బడి తెరిచినప్పుడు ఏ పట్టణానికీ పోలేదు, ఉన్న ఊళ్లోనే మొదలుపెట్టింది. సభలు తమ స్థాపకుల ఉద్దేశం కోసం ఫ్రాన్సు వైపో, హాలండు వైపో చూడనక్కరలేదు, ఆ దృష్టాంతం తెలుగులోనే ఉంది.